అక్క ఊరికే కూర్చుంటోంది

మూడో అంతస్తు వాటా,
సోమవారం.

బావమరిదికి ఆశీస్సులు.

ఉత్తరం మొదట్లో ఉభయకుశలోపరి అని రాయాలి. ఇక్కడ ఉన్నది నేనొక్కణ్ణే. ఉభయం ఎక్కణ్ణుంచి తేను? అందుకని నేరుగా సంగతికి వస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు "ఊ" అంటావు. ఏం విశేషాలంటే మళ్ళీ "ఊ" అంటావు. మీ అక్కకు ఇవ్వమంటే "పడుకుంది" అంటావు. పట్టపగలు పడుకునే మనిషేనా మీ అక్క? కాగితం మీదైతే తప్పించుకోలేవు.

తమ్ముణ్ణి చూసి నాలుగు రోజుల్లో వచ్చేస్తానని వెళ్ళింది. వానలు మొదలుకాకముందు వెళ్ళిన మనిషి. ఇప్పుడు మా వీధిలో జనం చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు.

మేం పోట్లాడుకోలేదు. ఆ మాట ముందే చెబుతున్నాను. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాక వంటింటిని ఒక దారికి తెచ్చాను. మిల్లులో నేత విభాగం మొత్తాన్ని నడిపిన సూపర్‌వైజర్ని, ఒక వంటిల్లు నాకెంత? డబ్బాలన్నీ కింది అరల్లో కుక్కి ఉండేవి. వంగలేక నా నడుం విరిగేది. అన్నీ పై అరల్లోకి ఎక్కించాను. ప్రతిదానికీ చీటీ అతికించాను. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని, ఖాళీ డబ్బా మీద ఖాళీ అని. వసారాలో బట్టల తాడు నా మెడకు అడ్డం వచ్చేది. దాన్నీ పైకి లాగి బిగించాను. పొద్దున టీ దగ్గర్నుంచి రాత్రి తలుపు గడియ దాకా టైంటేబులు రాసి గోడకు తగిలించాను. టీ ఎందుకు ఆలస్యమవుతోందో గడియారం పట్టుకుని చూశాను కూడా.

ఇదంతా కుదురుకునేసరికి నెల పట్టింది. అన్నీ చూసి మీ అక్క "బాగుంది" అంది. మర్నాడు సంచి సర్దుకుంది. బాగుందన్న మనిషి ఎందుకు వెళ్తుందో నాకు అంతుపట్టడం లేదు. అమ్మాయికి ఫోన్ చేస్తే, "నాన్నా, అమ్మను కొన్నాళ్ళు వదిలెయ్" అంది. నేనేం పట్టుకున్నానని వదలడానికి?

అసలు వస్తుందా, రాదా? అడిగి, వివరంగా రాయి.

మీ బావ

*

కుర్చీల కొట్టు,
శుక్రవారం.

బావగారికి నమస్కారాలు.

నేను చదివింది ఊరి బడిలో. వివరంగా రాయడం రాదు. తప్పులుంటే మన్నించండి.

అక్క బాగుంది. పొద్దున లేచి కిటికీ దగ్గర కూర్చుంటుంది. నేను కొట్లో పేము కుర్చీలు అల్లుకుంటూ ఉంటాను. మధ్యాహ్నం నా పక్కన కూర్చుంటుంది. సాయంత్రం గుమ్మంలో కూర్చుంటుంది. వీధిలో పోయేవాళ్ళను చూస్తుంది.

వచ్చిన కొత్తలో నేను పని చెప్పకపోతే తోచక అటూ ఇటూ తిరిగేది. ఇప్పుడు ఊరికే కూర్చోవడం వచ్చింది. మొహం తేటపడింది.

మీరు అడగమన్నది అడిగాను. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఒక మాట మాత్రం అంది. "మీ బావకు ఖాళీగా ఉండటం రాదురా. ఆయన ఖాళీ అంతా వచ్చి నా మీద పడింది."

ఆ మాట రాయొచ్చా అని అడిగాను. రాయమంది.

మీ బావమరిది

*

మూడో అంతస్తు వాటా,
బుధవారం.

బావమరిదికి ఆశీస్సులు.

పొద్దున కూర్చుంది, మధ్యాహ్నం కూర్చుంది, సాయంత్రం కూర్చుంది. ఇదా నీ వివరం? మిల్లులో ఎవడైనా నాకు ఇలాంటి రిపోర్టు ఇస్తే వాణ్ణి కూడా ఇంటికి పంపి కూర్చోబెట్టేవాణ్ణి.

సరే, నా ఖాళీ ఆమె మీద పడిందట. విన్నాను. తప్పు తెలిశాక దిద్దుకోవడం నాకు చేతకానిది కాదు. ఆ రోజు నుంచే పనులు తగ్గించుకునే పని మొదలుపెట్టాను.

పొద్దున కుర్చీలో విశ్రాంతి. తరవాత వసారాలో విశ్రాంతి. భోజనం అయ్యాక పూర్తి విశ్రాంతి. దేనికెంతసేపో కాగితం మీద రాసుకుని, అయినదాన్ని అయినట్టు కొట్టేస్తున్నాను. నేనొక్కణ్ణే బాగుపడితే చాలదని, మా మేడలో రిటైరైన వాళ్ళనీ, ఇంటిపట్టున ఉండేవాళ్ళనీ పోగుచేసి డాబా మీద విశ్రాంతి సంఘం పెట్టాను. అందరూ వేళకు రావాలి, వరసగా కూర్చోవాలి, ఎవరూ ఏమీ చెయ్యకూడదు. మొదటిరోజు బాగా జరిగింది. రెండోరోజు కింది వాటా దర్జీ నిద్రపోయి గురక పెట్టాడు. "ఇది నిద్ర సంఘం కాదయ్యా" అని లేపాను. మూడోరోజు అతను రాలేదు. పిలవడానికి వెళ్తే, "సార్, నాకు బోలెడు కుట్టుపని ఉంది, విశ్రాంతి తీసుకునే తీరిక లేదు" అని తలుపేసుకున్నాడు. పోస్టాఫీసులో చేసిన పెద్దాయన మెట్ల మీద నన్ను చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నాడు.

నేను ఇంత తగ్గించుకున్నానని మీ అక్కకు చదివి వినిపించు. విని ఏమందో రాయి.

అన్నట్టు, ఇంట్లో ఏదో ఒకటి తక్కువైనట్టుంది. చప్పుడో, వాసనో తెలియడం లేదు. ఇది మాత్రం చదవకు.

మీ బావ

*

కుర్చీల కొట్టు,
ఆదివారం.

బావగారికి నమస్కారాలు.

చదివి వినిపించాను. నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. మా అక్క అంతగా నవ్వడం చూసి చాలా ఏళ్ళయింది. అందుకు మీకు దణ్ణం పెట్టాలి.

ఆఖరి ముక్క చదవొద్దన్నారు. నేను ఆగేసరికి, "ఏదో ఉంది, చదువు" అంది. నాకు దాచడం రాదు. చదివాను. అప్పుడు నవ్వు ఆపింది.

కాసేపటికి మీ సంగతి చెప్పింది. మిల్లులోకి నీళ్ళొచ్చిన ఏడాది అందరూ గేటు వైపు పరుగెత్తితే, మీరు మగ్గాల మధ్య నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచారట. పిలిచిన ప్రతివాడూ గేటు దాటాడని తేలాక ఆఖరున బయటికొచ్చారట. ఇంటికొచ్చి తడిబట్టలతోనే "ఏమే, టీ" అన్నారట. "అంత మనిషిరా మీ బావ. అందర్నీ లెక్క చూసుకునే మనిషి. ఇంట్లో నేనొక్కదాన్నే కదా, లెక్క పెట్టడానికేముంది అనుకుంటాడు" అంది. కోపంగా అనలేదు. మెచ్చుకుంటూనే అంది.

ఇంకో సంగతి ఉంది. అది మీకు రాయొద్దంది. అందుకని రాయడం లేదు.

మీ బావమరిది

*

మూడో అంతస్తు వాటా,
మంగళవారం.

ఒరే బావమరిదీ,

రాయొద్దన్న సంగతి ఉందని రాసేవాణ్ణి ఈ ప్రపంచంలో నిన్నొక్కణ్ణే చూశాను. రాస్తే పూర్తిగా రాయి, లేకపోతే నోరు మూసుకో. మధ్యలో వదిలేసి నా ప్రాణం తోడేశావు. ఒంట్లో బాగోలేదా? నా మీద అసహ్యం పుట్టిందా?

కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. సంఘమూ లేదు, విశ్రాంతీ లేదు. చివరికి వంటింట్లో డబ్బాలు కిందికి దించడం మొదలుపెట్టాను. అన్నీ ఆమె పెట్టుకున్నట్టే పెట్టేస్తే అయినా వస్తుందేమోనని. తీరా చూస్తే ఏది ఎక్కడుండేదో ఒక్కటీ గుర్తులేదు. అన్నేళ్ళు తిన్నాను, ఏ డబ్బాలోంచి తీసి పెట్టిందో చూడలేదు.

అరల్లో పరిచిన కాగితం చూస్తే గుర్తు తెలుస్తుందేమోనని పై అరలు చూసి, నేల మీద కూర్చుని కింది అరలూ చూశాను. పై అరల్లో నేనెక్కించిన డబ్బాల మచ్చలు తప్ప పాతవి ఏమీ లేవు. కాగితం పరిచిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. కింది అరల్లో డబ్బాలు జరిపి జరిపి కాగితం చిరిగి చెక్క కనబడుతోంది. ఎవరైనా వాడుకోవడానికి వీలుగా ఉన్న అర వదిలేసి నేల దగ్గర ఎందుకు పెట్టుకుంటారు?

అక్కడే కూర్చున్నాను.

బట్టల తాడు నా మెడకు అడ్డం వచ్చేంత కిందికి ఎందుకు కట్టుకుందో అప్పుడు తెలిసింది. నేను దాన్ని పైకి బిగించాక దర్జీ భార్య రోజూ మా వసారాలోకి వచ్చేది. కబుర్లకు వస్తోందనుకున్నాను. మా ఇంటి బట్టలు ఆరెయ్యడానికి వచ్చేదన్నమాట. మీ అక్క తల వంచుకుని, ఒళ్ళోకి జుట్టు వేసుకుని దువ్వుకునేది. అదొక అలవాటు అనుకున్నాను. టీ గిన్నె ఎడమచేత్తో దించేది. అందుకే ఆలస్యం. ఆ ఆలస్యాన్ని నేను గడియారంతో కొలిచాను.

కుడి చెయ్యి పైకి లేవదు కదూ? నిజం చెప్పు. ఎన్నాళ్ళుగా? ఆ చేత్తోనే నాకు ఇంత కాలం వండి పెట్టిందా?

మిల్లులో మగ్గం కాస్త మొరాయిస్తే అవతలి చివర్నుంచి నా చెవికి వినబడేది. పక్కన కూర్చున్న మనిషి భుజం బిగుసుకుపోతే వినబడలేదు.

ఇది ఆమెకు చదివి వినిపించు. మొత్తం.

మీ బావ

*

కుర్చీల కొట్టు,
శనివారం.

బావగారికి నమస్కారాలు.

అవును. కుడి భుజం. మీరే కనుక్కున్నారు కాబట్టి రాయొచ్చని అంది.

మీరు ఇంకా డ్యూటీలో ఉండగానే మొదలైందట. మీకు చెబితే మిల్లు మానేసి ఆస్పత్రుల చుట్టూ తిప్పుతారని చెప్పలేదు. రిటైరయ్యాక చెబుదామనుకుంది. అప్పటికి మీరు డబ్బాల పనిలో ఉన్నారు. ఎంత సంతోషంగా ఎక్కించారో, ఆ మొహం చూసి చెప్పలేకపోయిందట.

ఇక్కడికి రాగానే డాక్టరమ్మకు చూపించాను. బరువులు ఎత్తొద్దంది. తొందర పడొద్దంది. రోజూ గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళు మెల్లగా పైకి పాకించమంది. నొప్పి పుడితే ఆపెయ్యమంది. ఇప్పుడు వేళ్ళు కిటికీ గొళ్ళెం దాకా వెళ్తున్నాయి. మొదటిసారి అందుకున్న రోజు గొళ్ళెం తీసి, వేసి, మళ్ళీ తీసింది. చిన్నపిల్లలా నా వైపు చూసింది. ఆ పూట నేను పని ముట్టలేదు. ఇద్దరం ఆ కిటికీ దగ్గరే కూర్చున్నాం. గొళ్ళెం తీయగలగడం ఇంత గొప్ప సంగతని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

మీ ఉత్తరం వింటూ, బట్టల తాడు దగ్గర ఆపమంది. ఆ ముక్క మళ్ళీ చదవమంది. తరవాత లేచి గుమ్మంలోకి వెళ్ళింది. నేను వెంట వెళ్ళలేదు.

కాగితం మీద మచ్చలు చూసి ఒక మనిషి నొప్పి తెలుసుకున్నారు. నాకైతే ఆ తెలివి లేదు బావగారూ. నాకు ఆమె చెబితేనే తెలిసింది.

వస్తుందో లేదో ఇప్పటికీ అనలేదు. ఆమె ఉంటే నాకు బాగుంది. మా ఆవిడ పోయాక ఈ ఇంట్లో ఇంకో మనిషి గొంతు వినడం ఇదే. ఇది మీరు లెక్కలోకి తీసుకోవద్దు. ఎలా ఉందో రాయమన్నారు కాబట్టి రాశాను.

మీ బావమరిది

*

మూడో అంతస్తు వాటా,
ఆదివారం. చలి మొదలైంది.

బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందిన రోజునే వడ్రంగిని పిలిచాను. అరలన్నీ పీకి కిందికి దింపించాలి, పొయ్యి గట్టు తగ్గించాలి, కొత్త గొళ్ళేలు పెట్టించాలి అని బొమ్మ గీసి అతని చేతికిచ్చాను. అతను కొలతలు తియ్యడానికి టేపు లాగాడు. అప్పుడు నాకు తట్టింది. మళ్ళీ అదే చేస్తున్నాను. ఆమె వంటిల్లు, ఆమెను అడక్కుండా.

"వద్దులే నాయనా, టీ తాగి వెళ్ళు" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. మొదలుపెట్టిన పని మధ్యలో ఆపడం నా జన్మలో ఇదే. రోజంతా చేతులు తీటపెట్టాయి.

తాడు ఒక్కటి కిందికి కట్టాను. ఇప్పుడు వంగి దాని కింద నుంచి వెళ్తున్నాను. వంగిన ప్రతిసారీ మీ అక్క గుర్తొస్తోంది. దానికిదే మంచి ఎత్తు.

టైంటేబులు తీసేశాను. సంఘం రద్దు చేశానని చెబితే పోస్టాఫీసు పెద్దాయన నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆకలైతే వండుకుంటున్నాను. ఒక్క కూర చాలుతోంది. వండేటప్పుడు, ఇది ఆమె ఎలా చేసేది అని ఆలోచిస్తాను. సగం తెలియదు. తెలిసిన సగానికి మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఇంట్లో ఏదో తక్కువైందని రాశాను చూడు, అదేమిటో తెలిసింది. ఆమె వంటింట్లో తనలో తను ఏదో గొణుక్కుంటూ ఉండేది. దాన్ని నేను చప్పుడు అనుకునేవాణ్ణి.

దర్జీ భార్యకు వెళ్ళి చెప్పాను, "అమ్మా, మా బట్టలు నువ్వు ఆరేశావని ఇప్పుడే తెలిసింది, నీ మేలు మర్చిపోను" అని. ఆమె "అయ్యో సార్, దానికేముంది" అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. దర్జీ మాత్రం లోపల్నుంచి, "మళ్ళీ సంఘం ఏమైనా పెడుతున్నారా?" అని అడిగాడు.

నేను అక్కడికి రావచ్చా? ఆమె రమ్మంటేనే వస్తాను. తిరిగి రావడానికి ఏం షరతులున్నాయో అడిగి రాయి. ఏవైనా సరే ఒప్పుకుంటాను.

మీ బావ

*

కుర్చీల కొట్టు,
గురువారం.

బావగారికి నమస్కారాలు.

షరతులు అడిగాను. "షరతులు పెట్టడం, అవి జరుగుతున్నాయో లేదో చూసుకోవడం, అదంతా మళ్ళీ పనే కదరా. నాకు ఓపిక లేదు. ఊరికే రమ్మను" అంది.

వడ్రంగి సంగతి రెండుసార్లు చదివించుకుంది.

మీరొస్తే నాకూ సంతోషం. తిరిగి వస్తుందని మాత్రం మాట ఇవ్వలేదు. అది తెలిసే రండి.

మీ బావమరిది

*

మూడో అంతస్తు వాటా,
సోమవారం.

బావమరిదికి ఆశీస్సులు.

క్షేమంగా చేరాం. ఈసారి ఉభయకుశలోపరి అని ధైర్యంగా రాస్తున్నాను.

మీ అక్క రాగానే వంటింటి గుమ్మంలో స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టింది. "మీరు కదలొద్దు, నేనడిగినప్పుడు పైనున్నది అందిస్తే చాలు" అంది. పొద్దున్నుంచి నాలుగే నాలుగు సార్లు అడిగింది. మిగతా సేపు చూస్తూ కూర్చున్నాను. పెళ్ళినాటి నుంచి ఒక్కసారి కూడా ఆమె వంట మొదట్నుంచి చివరిదాకా చూడలేదని తెలిసింది. ఏం ఒడుపు, ఏం నిదానం! మిల్లులో అంత బాగా పనిచేసే చెయ్యి నేను చూడలేదు. ఆ మాట పైకే అన్నాను. "ఆకలి మీదున్నారు, అందుకే మాటలొస్తున్నాయి" అంది. గొణుక్కోవడం మొదలైంది. కదలకుండా విన్నాను.

ఇప్పుడొకటి నిజం చెప్పు. మీ ఇంట్లో ఆ సాయంత్రం నేను మాట్లాడాను కదా. బండిలో వస్తూ దారిపొడుగునా సాధన చేసిన మాటలవి. భుజం గురించి, గడియారం గురించి, ఇకముందు నేనెలా ఉంటానో దాని గురించి. నువ్వు మధ్యలో ఎందుకో లోపలికి వెళ్ళిపోయావు. నేను ముగించగానే మీ అక్క "సరే, రేపు వెళ్దాం" అంది. నా మాటల్లో ఏ మాటకు కరిగిందో తెలుసుకోవాలని ఉంది. అడిగితే నవ్వి ఊరుకుంటోంది. నీకేమైనా చెప్పిందా? చెబితే ఆ మాట గుర్తుపెట్టుకుంటాను.

మీ బావ

*

కుర్చీల కొట్టు,
శనివారం.

బావగారికి నమస్కారాలు.

మీరిద్దరూ వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. అయినా దిగులు లేదు. సాయంత్రం గుమ్మంలో కూర్చోవడం అక్క అలవాటు చేసి వెళ్ళింది. నిన్న కూర్చుంటే ఎదురింటి ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. బాగుంది.

మీరడిగిన దానికి జవాబు. అక్కను అడిగి రాయడం లేదు. నేను చూసింది రాస్తున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం మీరు వచ్చి, భోంచేసి, కొట్లో కిటికీ పక్కన ఒక కుర్చీలో కూర్చున్నారు. నేను పని చేసుకుంటున్నాను. మీరు నా పని చూస్తూ ఏదో చెప్పబోయి, ఆగారు. మళ్ళీ చెప్పబోయి, ఆగారు. కాసేపటికి చూస్తే నిద్రపోయారు. నోరు కొంచెం తెరుచుకుంది. చేతులు రెండూ ఒళ్ళో వదిలేశారు.

అక్క వచ్చి చూసింది. మీ మొహం మీద ఎండ పడుతోంది. కిటికీ తెర పైన ఒక పక్కకు చుట్టి ఉంది. నేను లేవబోతే వద్దని సైగ చేసి, కుడి చెయ్యి మెల్లగా పైకెత్తి తనే లాగింది. తరవాత మీ పక్కన కింద కూర్చుంది. చాలాసేపు మిమ్మల్నే చూసింది.

"పెళ్ళయ్యాక పగటిపూట ఈయన కళ్ళు మూయగా ఇదే చూడటం. ఎంత అలిసిపోయి ఉన్నాడో పాపం" అంది.

ఇంకాసేపాగి, "ఒరే తమ్ముడూ, నా సంచి ఎక్కడ పెట్టావురా?" అంది.

మీరు లేచేసరికి ఆమె బట్టలన్నీ సర్దుకుని ఉంది. సంచి తలుపు వెనక పెట్టింది. మీరు లేచి మొహం కడుక్కుని, గొంతు సవరించుకుని మాట్లాడటం మొదలుపెట్టారు. నేను అక్క వైపు చూశాను. ఊరుకో అన్నట్టు కళ్ళతోనే చెప్పింది. నాకు నవ్వు ఆగక లోపలికి వెళ్ళాను.

తలుపు సందులోంచి చూశాను. అక్క చెంగు సర్దుకుని, మీరు చెప్పేదంతా ఇంతవరకూ ఏ నిర్ణయం తీసుకోని మనిషిలా వింటోంది. ఒక్కచోట కూడా తొందరపెట్టలేదు.

మీ బావమరిది